రాహేలు కడిగిన గాజు ప్లేట్లు

రాహేలు జ్ఞాపకార్థ కూడికలో నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. పదహారేళ్లు మా స్టూడియోలో పనిచేసిన మనిషి కాబట్టి పాస్టరు గారు నా పేరు పిలిచారు. లేచి నిలబడి, "నిజాయితీ గల మనిషి, కష్టజీవి, ఆమె లేని లోటు తీరదు" అని మూడు ముక్కలు చెప్పి కూర్చున్నాను. వెనక వరసలో ఎవరో "ఆమెన్" అన్నారు. అది విని నాకు చెవులు కాలిపోయాయి. ఛీ, ఏం మనిషిని నేను! చెప్పాల్సింది అది కాదని నాకు తెలుసు. చెప్పాల్సినదాన్ని గొంతులోనే మింగేసి, వాళ్లిచ్చిన చాయ్ తాగి ఇంటికొచ్చాను. అది జరిగి రెండేళ్లు కావస్తోంది. అప్పుడు మింగింది ఇప్పుడు రాస్తున్నాను.

నా పేరు రామలింగం. వరంగల్ స్టేషన్ రోడ్డులో కళావతి ఫోటో స్టూడియో మాది. కళావతి మా అమ్మ పేరు, దుకాణం పెట్టింది మా నాయన. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆ రోడ్డు మీద రిక్షావాళ్లకు కూడా తెలుసు. కోపం వచ్చినప్పుడు ఎదుటి మనిషి ఎవరని చూడను. తర్వాత పశ్చాత్తాపపడతానా అంటే అదీ లేదు. తప్పు నాదని తెలిసినా నోరు విప్పే అలవాటు నాకు లేదు. ఇదంతా ముందే చెప్పడం మంచిది, లేకపోతే రాహేలు గురించి రాస్తూ రాస్తూ నన్ను నేను మంచివాణ్ని చేసుకుంటాను.

రాహేలును పనిలో పెట్టింది మా నాయన, డెబ్బైలో. కాజీపేటలో ఒక పెళ్లికి ఫోటోలు తీయడానికి పోయి, చర్చిలో బల్ల మీద పరిచిన తెల్లగుడ్డ చూశాడట. దాని అంచున వాక్యం కుట్టి ఉంది, చీమ తలకాయంత అక్షరాలు. "ఇంత సన్నగ కుట్టిందెవరు?" అని అడిగితే రైల్వేలో గ్యాంగ్‌మన్ సాల్మన్ భార్యను చూపించారు. నల్లగా, సన్నగా, ముప్పై దాటిన మనిషి. పిల్లలు లేరు. "అమ్మా, గుడ్డ మీద కుట్టే చెయ్యి గాజు మీద పెన్సిల్ పెట్టలేదా?" అని అడిగాడు నాయన. "పెడితే పగుల్తదా?" అని అడిగిందట ఆమె. మర్నాడే పనిలోకి వచ్చింది.

ఆ రోజుల్లో మా దగ్గర ఫోటో అంటే గాజు ప్లేటే. అరచేతి కన్నా కొంచెం పెద్దదిగా ఉండే గాజుపలక, దాని మీద మందు పూత. బొమ్మ దాని మీద ఉల్టా పడుతుంది. జుట్టు తెల్లగా, పళ్లు నల్లగా, ముఖం బొగ్గులా కనబడుతుంది. దానికింద కాగితం పెట్టి వెలుతురు చూపిస్తే అసలు ఫోటో వస్తుంది. అలా కాగితం మీదికి పోకముందే ప్లేటు మీద ముఖాన్ని బాగుచెయ్యడం రాహేలు పని. కిటికీ పక్కన వాలుగా ఉండే బల్ల, దానికి మధ్యలో కంత, కింద ఒక అద్దం. ఎండ ఆ అద్దం మీద పడి ప్లేటు గుండా పైకొస్తుంది. గరుకు కాగితం మీద సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ఒక్కో చుక్కా పెట్టుకుంటూ పోయేది. అప్పట్లో ఊరిలో సగం ముఖాల మీద అమ్మవారు పోసిన మచ్చలే కదా. అవి ప్లేటు మీద తెల్లటి గుంటల్లా ఉంటాయి. ఒక్కో గుంటనూ పూడ్చేది. గంటసేపు ఒక ముఖం మీద వంగి కూర్చునేది, మధ్యలో దానితో మాట్లాడేది కూడా. "గింత ముక్కేందయ్యా నీది, పెన్సిల్ అరిగిపోతాంది" అని పోలీసు జవాను ప్లేటుతో అనడం నేనే విన్నాను.

ఆమె చేతి పనితనం వల్ల ఒకసారి మా మీదికి గొడవ కూడా వచ్చింది. పెళ్లిచూపుల కోసం ఒక పిల్లవాడు ఫోటో దిగాడు, రాహేలు మచ్చలన్నీ పూడ్చింది. నెల తిరక్కుండా పెళ్లికూతురు తండ్రి దుకాణంలోకి దూకి, "ఫోటోల ఉన్న పిలగాడు ఏడి? మాకు అచ్చినోడు వేరు!" అని కేకలు. నేనూ కేకలు. రాహేలు మాత్రం లేచి నిలబడి, "తప్పు నాదే పెద్దనాయనా, అందం జర ఎక్కువైంది" అంది. ఆయనకు నవ్వొచ్చి కూర్చున్నాడు. ఆ తర్వాత ఆమె ప్రతివాణ్నీ అడిగేది, పెండ్లికా, ఇంట్ల పెట్టుకోనీకా అని. పెండ్లికైతే నాలుగు మచ్చలు వదిలేసేది.

మనుషుల పేర్లు ఆమెకు గుర్తుండవు. ముఖాలు మాత్రం పోవు. చౌరస్తాలో ఎవడో ఎదురైతే, "గీయినకు చెవికింద పుట్టుమచ్చ, ఎనిమిదేండ్ల కింద దిగిండు" అనేది. వాడు ఆగి చెవికింద తడుముకునేవాడు. నేను నవ్వేవాణ్ని. ఆ జ్ఞాపకం ఎవరికో అన్నంలా అవసరపడుతుందని నాకేం తెలుసు?

డెబ్బై నాలుగు మేడారం జాతరకు మేం డేరా వేశాం. అక్కడ మొక్కులు తెలుసు కదా, మనిషి ఎత్తు బెల్లం తూచి అమ్మవార్లకు ఇస్తారు. దాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. ఒక ఆమె ఐదేళ్ల ఆడపిల్లను తక్కెట్లో కూర్చోబెట్టి తూయించింది. పేరు పూలమ్మ, ములుగు అవతల అడవి అంచున ఊరు. మొక్కుకుంటే పుట్టిన బిడ్డట, పేరు సారక్క. "తక్కెట్ల కూసున్నట్టే పటం తియ్యి సారూ" అంది. తీశాను. కాగితం ఫోటో వరంగల్‌లో తీసుకోవాలని చీటీ ఇచ్చాను. చీటీ మీద మా రబ్బరుస్టాంపు ఉంటుంది, నెగెటివ్‌లు భద్రపరచబడును అని. చదువు రాని మనిషి, ఏం రాసిందని అడిగింది. "నువ్వు పదేండ్లకచ్చినా నీ బిడ్డ మాకాడ పదిలంగ ఉంటదని" చెప్పాను. నేనే, ఈ నోటితోనే. అప్పుడు అది అబద్ధం కాదు.

ఆమె రాలేదు. రానివాళ్ల ఫోటోలు మా దగ్గర ఒక అట్టపెట్టె నిండా ఉండేవి. నాలుగో వానాకాలం చెదలు పట్టి పెట్టె మొత్తం మట్టయింది. రాహేలు బాధపడితే నాయన, "కాయితం పోతే పోయింది, ప్లేటుంది కదా" అన్నాడు. ఆయన ఉన్నంతకాలం వెనకగదిలో చెక్క అరల నిండా ప్లేట్లే. ప్రతిదాని అంచున నంబరు గీకి ఉండేది. ఏ నంబరు ఎవరిదో రాహేలు ఒక పుస్తకంలో రాసేది. ఎనభైలో నాయన పోయాడు.

ఎనభై రెండులో నేను హైదరాబాదు పోయి కొత్త కెమెరా, బొమ్మను పెద్దది చేసే కొత్త ఎన్లార్జర్ మిషన్ తెచ్చాను. పాత కర్ర మిషన్‌ను తీసేశాను. కొత్తదానిలో రెండు వేళ్ల వెడల్పు ఫిల్మ్ పడుతుంది, అంతే. మా ప్లేటు దానిలో పెట్టబోతే చెప్పుల పెట్టెలో చాట పెట్టబోయినట్టుంది. మిషన్ అమ్మినవాడు, "గవి ఇంకెవరు వాడుతరు సార్, ఆ జమానా అయిపోయింది" అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. వెనకగది ఖాళీ చేస్తే కలర్ ఫోటోలకు కౌంటర్ పెట్టుకోవచ్చు. పైగా పటాలకు అద్దాలు దొరకడం కష్టంగా ఉంది. వేడినీళ్లలో చాకలిసోడా వేసి ప్లేటు నానబెడితే మందు పొర ఊడి వస్తుంది, కింద మిగిలేది మంచి అద్దం. దేవుడి పటాలకు, పెళ్లి ఫోటోలకు సరిగ్గా సరిపోతుంది. చాలా స్టూడియోలు ఆ పని చేశాయి. నేనొక్కణ్నే కాదు అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను.

"అన్నీ కడిగెయ్యి" అన్నాను రాహేలుతో.

ఆమె పెన్సిల్ కింద పెట్టింది. "ఎందుకు సారూ?"

"కొత్త మిషిన్ల పడ్తలేవు కదా. ఇంక వాటితోని ఏం పని?"

"మిషిన్ ఎందుకు? కాయితం మీద ప్లేటు పెట్టి బల్బు ఏస్తే రాదా? మీ నాయన గట్లనే తీసెటోడు కదా."

నిజం. ప్లేటుకు ఏ మిషనూ అక్కర్లేదు. ఒక కాగితం ముక్క, ఒక బల్బు చాలు, వందేళ్ల తర్వాతైనా బొమ్మ వస్తుంది. ఆ సంగతి నాకు తెలియక కాదు. తెలిసి, ఒక పనిమనిషి నాకు నా పని గుర్తుచేసిందని ఒళ్లు మండింది. "దుకాణం నీదా, నాదా? చెప్పిన పని చెయ్యి, లేకపోతే ఇంటికాడ కూసో" అన్నాను. సాల్మన్ అప్పటికే నడుము పోయి పని మానేశాడు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె పనితోనే. అది కూడా తెలిసే అన్నాను.

పదకొండు రోజులు కడిగింది. పెరట్లో ఇత్తడి గంగాళం, పొయ్యి మీద నీళ్లు. ఒక్కో ప్లేటునూ ఎండకు పట్టి, చూసి, అప్పుడు నీళ్లల్లో వేసేది. పొర మెల్లగా అంచుల దగ్గర లేచి, పాలమీగడలా ముడతపడి తేలేది. ఆమె దాన్ని వేలితో పక్కకు తీసి ఇంకో ప్లేటు అందుకునేది. "చూసుకుంట కూసుంటే ఎన్నడైతది?" అని నేను రెండుసార్లు అరిచాను. ఆమె ఇంకో ప్లేటు ఎండకు పట్టింది. సాయంత్రం పుస్తకం ముందేసుకుని, కడిగిన ప్రతి నంబరు ఎదుటా 'కడిగినం' అని రాసేది. అలా రాయమని నేను చెప్పలేదు.

పూలమ్మ ఎనభై నాలుగు ఎండాకాలంలో వచ్చింది. ఎనుమాముల మార్కెట్‌కు మిరపకాయల లారీ మీద కూలిగా వచ్చి, అటునుంచి నడుచుకుంటూ మా దుకాణానికి. వెంట్రుకల్లో, చీరలో మిరప ఘాటు. కొంగుముడి విప్పి చీటీ తీసింది. మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలైంది, కానీ నంబరు కనబడుతోంది. "పదేండ్లకచ్చినా ఉంటదన్నరు, సరిగ్గ పదేండ్లకచ్చిన" అంది నవ్వుతూ. నన్ను గుర్తుపట్టలేదు. నేను నా మాటను గుర్తుపట్టాను. ఎందుకో నాకు ఆ క్షణాన డార్క్‌రూములో అర్జెంటు పని గుర్తుకొచ్చి, పరదా ఎత్తుకుని లోపలికి పోయాను.

లోపల ఏ పనీ లేదు. ఎర్రదీపం కింద ఖాళీ ట్రేలో చేతులు పెట్టుకుని నిలబడి విన్నాను.

"మా సారక్క పోయింది అక్కా. జాతర అయిన ఏడాదికే, జరం అచ్చి. మా ఇంటాయన సచ్చిన పిల్ల పటం ఇంట్ల వద్దన్నడు. వంశానికి మంచిది కాదని. ఆయన కూడ మొన్న పోయిండు. ఇప్పుడు నన్ను ఎవరు వద్దంటరు? నా బిడ్డ మొఖం మరిచిపోతాన అక్కా. కండ్లు మూసుకుంటే గౌను కనబడ్తది, కాళ్ల పట్టగొలుసులు కనబడ్తయ్. మొఖం కాడ ఏం లేదు. ఒక్కపాలి చూపియ్యి, పటం లేకున్నా మంచిదే."

పుస్తకం పేజీలు తిప్పిన చప్పుడు. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. రాహేలు నా కోసం ఆగిందని నాకు అప్పుడే తెలుసు. నాలుగడుగులు వేసి, పరదా తీసి, "నేనే కడగమన్న" అంటే సరిపోయేది. అంత చిన్న పని. నేను చెయ్యలేదు.

"అమ్మా, ఆ గాజు నేను కడిగేసిన" అంది రాహేలు.

"కడిగేసినవా? గిన్నె కడిగినట్టా?"

"ఔ."

దబ్బుమని కొట్టిన చప్పుడు. ఒకటి, మళ్లీ ఒకటి. పూలమ్మ ఆమెను కొడుతోంది. తర్వాత ఏడుపు, నేల మీద కూలబడి ఏడ్చే ఏడుపు. రోడ్డు మీది రిక్షావాళ్లు గుమ్మంలోకి తొంగిచూసి ఉంటారు. నేను మాత్రం లోపలే ఉన్నాను.

ఏడుపు తగ్గాక పూలమ్మే అడిగింది. "కడిగేటప్పుడు చూసినవా?"

"చూసిన. ఒక్కొక్కటి ఎండకు పట్టి చూసినంకనే నీళ్లల్ల ఏసిన."

"నా బిడ్డను చూసినవా?"

"తక్కెట్ల కూసున్న పిల్లనే కదా, ఇటు పక్క బంగారం ముద్దలు. అంతకుముందు కూడ చూసిన. జాతర అయినంక పెన్సిల్ పెట్టింది నేనే, గంటసేపు ఆ మొఖం మీదనే ఉన్న. ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉండె. నేనే పూడ్సిన. పూడ్సొద్దుండె."

"రోకలి మీద పడ్డది! రెండేండ్లప్పుడు!" పూలమ్మ అరిచినట్టే అంది. "ఇంక? ఇంక చెప్పు అక్కా!"

రాహేలు చెప్పింది. పై వరసలో ఒక పన్ను ఊడిందని, అది దాచాలని పెదవులు బిగబట్టినా సందులోంచి కనబడిందని. ఎండకు ఒక కన్ను చిన్నగా చేసిందని. నుదుటి మీద జుట్టు ఎవరో కత్తెరతో వంకరగా కత్తిరించారని. "నేనే కత్తిరిచ్చిన" అంది పూలమ్మ, ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. "అచ్చింది అక్కా, మొఖం అచ్చింది" అంది. అలా ఇద్దరూ గంటసేపు కూర్చున్నారు. నేను ఎర్రదీపం కింద గంటసేపు నిలబడ్డాను.

సాయంత్రం తలుపులు వేసేటప్పుడు రాహేలు, "మీరు బయటికస్తరని చూసిన సారూ" అంది. కోపంగా కాదు, మామూలుగా. నేనేమన్నానో రాయడానికి చెయ్యి రావట్లేదు, అయినా రాస్తాను. "నిన్నెవరు చెప్పమన్నరు? ప్లేటు పోయిందని చెప్పి పంపిస్తే అయిపోయేది" అన్నాను. ఆమె నన్ను ఒకసారి చూసి, చెప్పులేసుకుని, కాజీపేట బస్సుకు పోయింది.

ఆ తర్వాత మిరపకాయల లారీ మీద వచ్చినప్పుడల్లా పూలమ్మ వచ్చేది. రాహేలు స్టూలు వేసి కూర్చోబెట్టి అదే చెప్పేది, అదే వరసలో. గాటు, పన్ను, కన్ను, జుట్టు. పూలమ్మ చిన్నపిల్ల కథ విన్నట్టు వినేది. ఆమె గుమ్మం ఎక్కగానే నేను గుమ్మం దిగి ఇరానీ హోటల్‌కు పోయేవాణ్ని. ఒకసారి గొడుగు మరిచి వెనక్కి వస్తే గుమ్మంలో ఒక మాట వినబడింది. "నవ్వితే ఎట్లుండె అక్కా?" అని పూలమ్మ అడుగుతోంది. "ప్లేటు మీద నవ్వలే అమ్మా. నేను చూడంది నేను చెప్పను" అంది రాహేలు. గొడుగు తీసుకోకుండానే వానలో పోయాను.

ఎనభై ఆరు వానాకాలంలో రాహేలుకు కామెర్లు వచ్చి ముదిరాయి. దవాఖానాలో చూడటానికి బ్రెడ్డు, అరటిపండ్లు తీసుకుని పోయాను. కళ్లు పసుపుముద్దల్లా ఉన్నాయి. ఆ రోజు చెప్పేద్దామనే పోయాను, రాహేలమ్మా, తప్పు నాది అని. కూర్చుని వానల గురించి మాట్లాడాను. కాజీపేట బ్రిడ్జి కింద నీళ్లు నిలిచాయని చెప్పాను. ఆమె విని విని, "సారూ, పూలమ్మ అస్తది. ఆమె బిడ్డ మొఖం చెప్త, జర రాసుకోరాదుండ్రి. నేను లేకుంటే మీరు చెప్పాలె" అంది.

"గిప్పుడెందుకు గవన్ని? నువ్వే అచ్చి చెప్తువు గని" అన్నాను.

"రాసుకోండ్రి సారూ."

జేబులో పెన్ను ఉంది. తీయలేదు. అది రాసుకుంటే ఆమె చచ్చిపోతుందని ఒప్పుకున్నట్టవుతుందన్నది అప్పుడు నాకు నేను చెప్పుకున్న సాకు. అసలు సంగతి వేరు. నేను కడిగించినదాన్ని నా చేత్తో రాయడానికి నాకు సిగ్గేసింది. నాలుగు రోజులకు ఆమె పోయింది. కూడికలో నేను మాట్లాడిన మూడు ముక్కలు ముందే చెప్పాను.

పూలమ్మ మళ్లీ ఎనభై ఏడు మాఘంలో వచ్చింది. ఈసారి నేను హోటల్‌కు పోలేదు. కిటికీ పక్కన బల్ల ఖాళీగా ఉండటం చూసి, "అక్క ఏది?" అంది. చెప్పాను. నేల మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఆమెకు స్టూలు కూడా వెయ్యలేదు. చివరికి నోరు విప్పాను.

"పూలమ్మా, ఆ గాజు కడగమన్నది నేను. ఆమె వద్దన్నది. నేనే కడిగిచ్చిన."

"తెల్సు సారూ" అంది.

"ఆమె చెప్పిందా?"

"ఆమె ఎందుకు చెప్తది? నేను కూలి చేసేదాన్ని సారూ. కూలి చేసెటోళ్లు అసొంటి పని తమంతట తాము చేస్తరా? కొట్టినంక సమజైంది నాకు. అప్పటికే కొట్టిన."

నాకు తల తీసేసినట్టయింది. తిట్టి ఉంటే బాగుండేది. నేను తిట్లకు సిద్ధపడే ఉన్నాను. ఆమె కళ్లు తుడుచుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. "ఇప్పుడు మీరే చెప్పాలె. పటం తీసింది మీరేనని అక్క చెప్పింది, మీరు కూడ చూసిండ్రు కదా నా బిడ్డను" అంది.

పరదా వెనక విన్నవి చెప్పాను. ఎడమ కనుబొమ్మ మీద గాటు, ఊడిన పన్ను, చిన్నగా చేసిన కన్ను, వంకర జుట్టు. ఒక్కోదానికీ తల ఊపింది.

"గవి అక్క చెప్పినయే. మీరు చూసినయి చెప్పుండ్రి. మీరు ముంగట నిలబడ్డరు. అక్క గాజు మీద చూసింది, మీరు నా బిడ్డను చూసిండ్రు."

నేనేం చూశాను? ఆ పాత కెమెరాలో, నల్లగుడ్డ కింద, అద్దం మీద మనుషులు తలకిందులుగా కనబడతారు. నేను ముఖాలు చూడను, బొమ్మ స్పష్టంగా ఉందా లేదా అని చూస్తాను. ఆ జాతరలో మూడు రోజుల్లో కొన్ని వందల మందిని తీశాను. ఎంత వెతికినా నా లోపల ఆ పిల్ల లేదు. తక్కెడ ఉంది, బెల్లం ముద్దల మీద ఈగలు ఉన్నాయి, పిల్ల లేదు. యాదికి లేదమ్మా అని చెప్పాలి. రాహేలు అయితే అదే చెప్పేది. కానీ ఎదురుగా కూర్చున్న ఆ మనిషి నన్ను క్షమించింది, అడగకుండానే క్షమించింది, ఆమెకు ఏదో ఒకటి ఇచ్చి పంపకపోతే నేను బతకలేననిపించింది.

"నవ్వింది" అన్నాను. "నేను పటం తీసినంక నవ్వింది. నవ్వితే కుడి బుగ్గ మీద సొట్ట పడ్డది."

పూలమ్మ కదలకుండా చూసింది. చెయ్యి మెల్లగా తన బుగ్గ మీదికి పోయింది. "సొట్టనా?" అంది. "సొట్ట ఉండెనా?" కళ్లు మూసుకుంది. చాలాసేపు వెతికింది. లేదని అంటే బాగుండునని, మీరు ఇంకెవరినో చూసిండ్రు సారూ అని లేచిపోతే బాగుండునని ఎంత కోరుకున్నానో! ఆమె ముఖం మెల్లగా వెలిగింది. "ఉండె" అంది. "ఉండె సారూ. అయ్యో, నేనే మరిచిన. కన్నతల్లిని, నేనే మరిచిన."

లేచి, నా కాళ్లకు దండం పెట్టబోయింది. నేను వెనక్కి జరిగాను. ఆగు పూలమ్మా, అబద్ధం చెప్పిన అని అనాలి. ఆ మాట నోటి దాకా వచ్చింది. ఆమె అప్పటికే గుమ్మం దిగి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, ఎనుమాముల వైపు పోయే రిక్షాను పిలుస్తోంది.

మొన్న మాఘంలో మళ్లీ వచ్చింది, ఈసారి వాళ్ల చెల్లెల్ని వెంటబెట్టుకుని. నన్ను చూపించి, "గీ సారే, మన సారక్కను కండ్లార చూసిండు" అంది. చెల్లెలు చేతులు జోడించింది. పూలమ్మ నేల మీద కూర్చుని, బిడ్డ ముఖం ఎలా ఉండేదో తానే చెప్పడం మొదలుపెట్టింది. ముందు కుడి బుగ్గ మీది సొట్ట గురించి చెప్పింది. అది తన పోలికట, తన తల్లికి కూడా ఉండేదట, పిల్లను ఎత్తుకున్నప్పుడల్లా తాను అక్కడే ముద్దు పెట్టేదట. చెప్తూ చెప్తూ నా వైపు తిరిగి, "కదా సారూ?" అంది.

అవునని తల ఊపాను.